అరువు నడక

“మగోడి నడక నా కాళ్ళకి ఎక్కిస్తావేటమ్మా? సచ్చినా ఒప్పుకోను!” అంటూ పైడితల్లి డయాలిసిస్ మంచం మీద లేచి కూర్చుంది. సూదులున్న చెయ్యి కదపొద్దని నర్సు మొత్తుకుంటున్నా వినిపించుకోలేదు.

గొడవంతా ఆ మాట దగ్గరే మొదలైంది. ఉద్దానం కొబ్బరితోటల మధ్య ఉన్న ఆ ఆసుపత్రికి కిడ్నీలు చెడిపోయినవాళ్ళు రోజు విడిచి రోజు వచ్చి, గంటల తరబడి పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని పోతారు. రక్తమైతే శుభ్రపడుతుంది గానీ కాళ్ళు నానాటికీ పుల్లలైపోతాయి. మొదట్లో ఆటో దిగి తనంతట తాను నడిచి వచ్చిన మనిషే, ఏడాది తిరిగేసరికి ఎవరి భుజమో పట్టుకుని వస్తుంది. అందుకని ఇంజనీరు పట్నాయక్ తొడలకూ పిక్కలకూ చుట్టే పట్టీలు తయారుచేశాడు. వాటిలోంచి సన్నటి కరెంటు వచ్చి కండను గిల్లుతుంది. కండ బిగుస్తుంది, వదులుతుంది. అలా కొన్నాళ్ళకు కండలు బాగానే పెరిగాయి. కానీ లేచి నిలబడ్డవాళ్ళు నాలుగడుగులు వేయకుండానే బోర్లా పడ్డారు. కండకు బలం వచ్చింది తప్ప, ఏది ముందు బిగియాలో ఏది తర్వాత వదలాలో అది మరిచిపోయింది.

అప్పుడు పట్నాయక్‌కు ఇంకో ఆలోచన తట్టింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నడుస్తుంటే నరాలు అతని కండలకు పంపే ఆజ్ఞలను పట్టి దాచుకుని, వాటినే పట్టీల్లోంచి రోగి కాళ్ళకు పంపితే? మనిషి పడుకునే ఉంటుంది, కాళ్ళు మాత్రం నడక నేర్చుకుంటాయి. తన దగ్గర టెక్నీషియన్‌గా పనిచేసే దేముడిని ఆసుపత్రి ఆవరణలో నడిపించి ఆ నడక పట్టాడు. మగవాళ్ళ వార్డులో అది దివ్యంగా పనిచేసింది. ఆడవాళ్ళ వార్డులో మాత్రం ఆయన పప్పులుడకలేదు.

“నడకకి ఆడేమిటి, మగేమిటి పిన్నీ? ఉత్త కరెంటే కదా” అని ఫిజియోథెరపిస్టు హైమవతి పైడితల్లిని బతిమాలింది.

“నీకలగే ఉంటాదమ్మా. రేపు సంతలో నాను దేముడులాగ కాళ్ళు ఎడంగా ఏసుకొని ఎల్తంటే నా పెనిమిటి ఏటనుకుంటాడు?”

పక్క మంచం మీద దాలమ్మ అందుకుంది. దాలమ్మకు మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, నోరు మాత్రం ఇంకా మంచి జోరు మీదుంది. “దేముడు నడిస్తే నువ్వు సూసినావేటమ్మా? దున్నపోతు బురదలోంచి లేచొచ్చినట్టుంటాది. పోయీముందు నాకా యోగం కూడానా?”

వార్డంతా నవ్వింది. గుమ్మం దగ్గర నిలబడ్డ దేముడు కూడా నవ్వలేక నవ్వాడు. హైమవతికి ముచ్చటేసింది. “సరే, నా నడకైతే తీసుకుంటారా?” అంది.

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హైమవతి నడక వాళ్ళందరికీ తెలిసిందే. పొద్దున్నుంచీ ఆ మంచానికీ ఈ మంచానికీ చకచకా తిరిగే కాళ్ళవి.

“నీదైతే మారాజులాగ తీసుకుంటాం” అంది పైడితల్లి. అలా హైమవతి నడక ఆడవాళ్ళ వార్డుకు అరువు వెళ్ళింది.

ఆ తర్వాత జరిగింది చూసి ఆసుపత్రిలో ముక్కున వేలేసుకోనివాళ్ళు లేరు. పడుకున్న ఆడవాళ్ళ కాళ్ళు దుప్పట్ల కింద నడిచేవి. వాళ్ళేమో కబుర్లు చెప్పుకుంటూనో కునుకు తీస్తూనో ఉండేవారు. మూడు నెలలు తిరిగేసరికి పైడితల్లి భర్త భుజం వదిలేసి నడిచింది. దాలమ్మ జీడితోట దాకా వెళ్ళి వచ్చానని గొప్పలు పోయింది. వింతేమిటంటే, వెనకనుంచి చూస్తే అందరూ హైమవతిలాగే ఉండేవారు. అదే చకచక, మలుపు దగ్గర అదే చిన్న ఊపు.

“ఇంతమంది నీలా నడిస్తే నేను నిన్ను గుర్తుపట్టేదెలాగ?” అని ఇంట్లో ఆమె భర్త సింహాద్రి ఆటపట్టించాడు. అతను బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి. “అయినా పర్లేదులే. నీ చెప్పుల చప్పుడు వీధి మొదట్లో ఉండగానే నాకు తెలిసిపోద్ది” అన్నాడు.

హైమవతి ఆ రోజుల్లో నేలమీద లేదు. అంత గర్వం ఆమె ఎప్పుడూ ఎరగదు. ముందుంది ముసళ్ళ పండగ అని ఎవరికి తెలుసు?

మొదట పైడితల్లి గుమ్మం తగిలి తూలింది. తర్వాత ఇంకొకామె. పరధ్యానం అనుకున్నారు. మరికొన్ని వారాలకు ఆడవాళ్ళ వార్డులో ఎవరు నడిచినా ‘సర్ర్’మని ఒక చప్పుడు రావడం మొదలైంది. ఎడమ పాదం ముందుభాగం సరిగా లేవకుండా నేలను రాసుకుంటూ పోతోంది. అందరికీ ఎడమ పాదమే. మగవాళ్ళ వార్డులో ఒక్కరికీ ఆ బాధ లేదు.

హైమవతి పట్టీలు మార్చి చూసింది. మిషను మార్చి చూసింది. ఒంట్లో ఉప్పులు తేడా వచ్చాయేమోనని రక్తపరీక్షలు చేయించింది. అన్నీ బాగానే ఉన్నాయి. “ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా మిషన్ని ఎందుకమ్మా తిడతారు?” అని దేముడు నొచ్చుకున్నాడు. ఆ తర్వాత అతనే తల గోక్కుంటూ, “ఆడోళ్ళకి ఉండి మగోళ్ళకి లేనిది ఒకటుందమ్మా. మట్టెలు” అన్నాడు.

హైమవతికి ఒక్కసారిగా దారి దొరికినట్టయింది. వెండి కరెంటును లాగుతుంది. వేళ్ళకు వెండి ఉంటే పాదానికి వెళ్ళాల్సిన ఆజ్ఞ దారి తప్పదా? రెండు కాళ్ళకూ మట్టెలుంటే ఒక్క ఎడమ కాలే ఎందుకు ఈడుస్తుంది అన్న ప్రశ్న ఆమెకు తట్టలేదు. తట్టినా పక్కకు నెట్టేసి ఉండేది. ఏదో ఒక కారణం కావాలి ఆమెకు.

మట్టెలు తీయమనేసరికి వార్డు భగ్గుమంది.

“పెనిమిటి బతికుండగా మట్టెలు తీసీమంటావేటమ్మా? నీ నోటికెలగొచ్చింది?” అంది పైడితల్లి. ఆమె గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది.

“నీ కాళ్ళ కోసమే పిన్నీ. నామీద నమ్మకం లేదా?”

పైడితల్లి వంగి, వాచిన వేళ్ళనుంచి మట్టెలు తిప్పి తిప్పి లాగింది. వాటిని కళ్ళకద్దుకుని కొంగు చివర ముడివేసుకుంది. కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు. ఆమెను చూసి మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే తీశారు. బోడి వేళ్ళు చూసుకోలేక కాళ్ళు దుప్పట్లో దాచుకున్నారు.

ఆ పూట మిషను నుంచి వదిలాక అందరినీ వరసగా నడిపించింది హైమవతి. ఎడమ పాదాలు ఎప్పట్లాగే ఈడ్చుకుంటూ పోయాయి. చివరన దాలమ్మ నడిచింది. ‘సర్ర్’ మంది. హైమవతి చూపు ఆమె పాదాల దగ్గరే ఆగిపోయింది. దాలమ్మ విధవ. ఆమె వేళ్ళకు మట్టెలు ఇప్పుడెక్కడున్నాయని?

సిగ్గుతో హైమవతి చెవులు వేడెక్కాయి. ఇంతమంది ఆడవాళ్ళను ఉత్తపుణ్యానికి ఏడిపించింది. కళ్ళముందే పెట్టుకుని కూడా చూడలేకపోయింది. వార్డులోంచి బయటికి వచ్చేసింది.

డయాలిసిస్ గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు. అందరూ గుమ్మం బయట విడిచి వెళతారు. ఆడవాళ్ళవి ఒక పక్క, మగవాళ్ళవి ఇంకో పక్క. రోజూ చూసే వరసే అది. ఆ రోజు తల వంచుకుని ఉండబట్టి, ఆమె దాన్ని మొదటిసారి నిజంగా చూసింది. ఆడవాళ్ళ ఎడమ చెప్పులన్నీ వేళ్ళ దగ్గర, ముందు అంచున అరిగి ఉన్నాయి. కొన్నిటికి కాస్త, కొన్నిటికి ఎక్కువ. మగవాళ్ళ చెప్పులు మడమల దగ్గర అరిగాయి, అందరి చెప్పులూ అరిగే చోటే.

ఆమె గొంతుకూర్చుని ఒక్కో జతా తిప్పి చూసింది. ఒక జత మరీ ఘోరంగా ఉంది. ఎడమ చెప్పు ముందు అంచు కాగితంలా పల్చబడి, చివర తెగిపోవడానికి సిద్ధంగా ఉంది. పాపం, ఇదెవరిదో, వీళ్ళందరికంటే ఎంత ముందునుంచి ఈడుస్తోందో అనుకుంది. ఆ అనుకోవడం పూర్తి కాకముందే ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ గోధుమరంగు చెప్పులు పొద్దున తను విడిచినవే.

ఎంతసేపు అలా కూర్చుందో ఆమెకే తెలియదు. ఎవరో పలకరించి దాటుకుని వెళ్ళారు. లేచి, ఆ ఎడమ చెప్పు చేత్తో పట్టుకుని, ఉత్త కాళ్ళతో పట్నాయక్ గదికి వెళ్ళింది.

“మీరు పట్టిన నా నడక ఒకసారి తెర మీద చూపించండి” అంది.

పట్నాయక్ ఆమె మొహం చూసి, చేతిలో చెప్పు చూసి, ఏమీ అడగకుండా చూపించాడు. రెండు కాళ్ళ గీతలూ తెర మీద పక్కపక్కనే పరుగెత్తాయి. మామూలు కంటికి రెండూ ఒకటే. ఆయన దాన్ని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. ఎడమ పాదం ఎత్తే కండ దగ్గర గీత రవ్వంత ఆలస్యంగా లేచింది. రెప్పపాటులో పదోవంతు కూడా ఉండదు ఆ ఆలస్యం.

“ఇంత చిన్నది వాళ్ళని పడేసేంత ఎలా అయింది?” అంది హైమవతి.

పట్నాయక్ కళ్ళద్దాలు తీసేశాడు. “ఒకరి నడక ఇంకొకరి ఒంటికి అంత తేలిగ్గా పట్టదు కదా హైమవతిగారూ. అందుకని నడకలో ఆ మనిషికే ప్రత్యేకమైనవి ఏవున్నాయో పట్టీ వెతికి పట్టుకుని, రోజురోజుకూ కాస్త పెంచి పంపుతుంది. మీ చకచక, మీ ఊపు అలాగే వాళ్ళకి వచ్చాయి. అది మైకుసెట్టు లాంటిది. పాట పెంచాననుకున్నాను. మీలో మీకే వినబడని దగ్గుని కూడా ఊరంతా వినిపించేసింది.” ఆయన తెర ఆపేశాడు. “మీరు వెంటనే విశాఖపట్నం వెళ్ళండి. ఇది నేను చెప్పే విషయం కాదు.”

విశాఖపట్నంలో నరాల డాక్టరు సూదులు గుచ్చి, చుట్టూ తిరిగి చూసి, కాగితాలు చదివి జబ్బేమిటో చెప్పాడు. కండలకు ఆజ్ఞలిచ్చే నరాలు ఒక్కొక్కటే ఎండిపోయే జబ్బు. ఎడమ పాదంలో మొదలైంది, మెల్లగా పైకి వస్తుంది. మందు దాన్ని నెమ్మది చేయగలదు గానీ ఆపలేదు. “మామూలుగా ఇంకో రెండేళ్ళకి గానీ ఎవరికీ అనుమానమే రాదమ్మా. ఇంత ముందుగా ఎలా కనిపెట్టారు?” అని అడిగాడు ఆశ్చర్యంగా.

“నా పేషెంట్లు నడిచి చూపించారండీ” అంది హైమవతి. ఆయనకది అర్థం కాలేదు.

ఇంటికి వచ్చేసరికి, ఆమె గుమ్మంలోకి అడుగుపెట్టకముందే సింహాద్రి టీ గ్లాసు అందించాడు. ఆమె గ్లాసు పట్టుకుని నిలబడే అంతా చెప్పింది. అతను మొదట నవ్వబోయాడు, తర్వాత గోడకు ఆనుకున్నాడు.

“ఆ చప్పుడు నాకు తెలుసే” అన్నాడు. “చాన్నాళ్ళ బట్టి ఇంటున్నాను. వీధిలోంచి సర్ర్ సర్ర్‌మని వస్తంటే, అదిగో మా హైమ వచ్చేస్తందని టీ పెట్టీవోణ్ణి. కొత్త చెప్పులనుకున్నానే. బస్సు ఇంజన్లో చీమ తుమ్మితే ఇనబడే నా చెవులకి... నేనా చప్పుడిని సంబరంగా ఇన్నానే!” అతను రెండు చేతులతో చెవులు మూసుకుని ఏడ్చాడు. పెళ్ళయ్యాక అతను ఏడవడం ఆమె చూడడం అదే మొదలు.

“నాకెందుకు వినబడలేదు మరి?” అంది ఆమె.

“ఎవరి నడక వాళ్ళకేం ఇనబడతాదే?”

మర్నాడు ఆమె ఆసుపత్రికి వెళ్ళేసరికి పట్నాయక్ ఆడవాళ్ళ పట్టీలన్నీ ఆపించడానికి సిద్ధంగా ఉన్నాడు. కానీ ఏదో చెప్పలేక నీళ్ళు నమిలాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు. పట్టీ చిన్న లోపాన్ని పెంచడమే కాదు, అది ఏ దారిన పెరుగుతోందో ఆ దారినే ముందుకు తోసింది. పైడితల్లి ఇప్పుడు పాదమే కాదు, మోకాలు కూడా సరిగా మడవలేకపోతోంది. “ఆమె ఇవాళ నడుస్తున్నది, మీరు కొన్నాళ్ళకి నడవబోయే నడక” అన్నాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు.

హైమవతి వార్డులోకి వెళ్ళింది. పైడితల్లి అప్పుడే మిషను దిగి, చేతికి కట్టు కట్టించుకుని కూర్చుని ఉంది. రక్తం తీసే చెయ్యి అది. దానికి దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు.

“పిన్నీ, ఒక్కసారి ఆ గోడ దాకా నడవవా?”

“ఇప్పుడేటమ్మా? నీరసంగుంది.”

“ఒక్కసారే.”

ఆమె కోసం కాదు, తన కోసం అడుగుతున్నానని హైమవతికి తెలుసు. తెలిసే అడిగింది. తన రేపటిని ఒక్కసారి కళ్ళతో చూడకుండా ఉండలేకపోయింది. పైడితల్లి కాదనలేక లేచింది. పాదం ఈడ్చింది. మోకాలు బిగుసుకుంది. నడుము పక్కకు ఒరిగింది. హైమవతి చూస్తోంది. ఇలాగా? నేను ఇలాగేనా? చూస్తుండగానే పైడితల్లి ఎడమ కాలు కింద లేనట్టే మడతపడిపోయింది.

హైమవతి ఒక్క ఉరుకులో వెళ్ళి ఆమె చేతి కింద తన ఒళ్ళు అడ్డం వేసింది. ఇద్దరూ దభీమని నేలమీద పడ్డారు. కట్టు కదల్లేదు. చెయ్యి బతికింది.

“పడిపోనాను గదమ్మా... నువ్వు నడమంటేనే గదా నడిసినాను” అంది పైడితల్లి, తప్పు తనదే అయినట్టు.

హైమవతికి దుఃఖం కట్టలు తెంచుకుంది. ఛీ, ఏం మనిషిని నేను అనుకుంది. లేచి, వార్డులో ప్రతి మంచం దగ్గరకూ వెళ్ళి, పట్టీల తీగలు తన చేత్తోనే పీకేసింది. తర్వాత మధ్యలో నిలబడి ఉన్నదున్నట్టు అందరికీ చెప్పింది. మట్టెల తప్పు కాదని, తను ఇచ్చిన నడకలోనే జబ్బు ఉందని, పట్టీ దాన్ని పెంచిందని చెప్పింది.

దాలమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

“అయితే నీ నడక మాం తీసీసుకున్నామేటమ్మా? మాకిచ్చీబట్టి నీకు లేకుండా అయిపోనాదా?”

“అలా కాదు అత్తా...”

“కాదేటి? బావిలోంచి ఇంతమంది తోడితే నీరుంటాదా?” దాలమ్మ తన పట్టీ తీసి మంచం మీద పడేసింది. “మాకొద్దమ్మా. ఎవుల నడకా వొద్దు. మాం మళ్ళీ కూలబడిపోయినా పర్లేదు. నీది నువ్వు తీసీసుకో.”

మిగతావాళ్ళూ ఒక్కొక్కరే పట్టీలు తీసి పెట్టేశారు. నడక అలా ఇచ్చి పుచ్చుకునేది కాదని హైమవతి ఎంత చెప్పినా వాళ్ళ చెవికెక్కలేదు. అంతకంటే పెద్ద దెబ్బ ఆమెకు తగల్లేదు. జబ్బు ఎలాగూ తనది. ఈ ఆడవాళ్ళు ఆమె మీద జాలితో కాళ్ళు పోగొట్టుకుంటే, ఇక తను చేసినదానికి అర్థమే లేదు.

ఆమె నేలమీద పైడితల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆమె కొంగు చివరి ముడి విప్పి మట్టెలు తీసి, వాచిన వేళ్ళకు నొప్పి కలగకుండా మెల్లగా తొడిగింది.

“మట్టెలు తీయమంటే నామీద నమ్మకంతో తీశావు. అది నా తప్పు. ఇప్పుడు నిజం చెబుతున్నాను, దీన్ని కూడా నమ్ము పిన్నీ. నా నడక మీరు తీసుకోలేదు. మీ వల్లే నా జబ్బు ముందు తెలిసింది, మందు ముందు పడింది. నాకు మీరు మేలే చేశారు. బదులుగా ఒక్కటి చెయ్యండి. దేముడి నడక పెట్టించుకోండి.”

పైడితల్లి తన వేళ్ళ వంక చూసుకుంది. ఆ పైన గుమ్మం దగ్గర బిక్కచచ్చి నిలబడ్డ దేముడి వంక చూసింది.

“దున్నపోతు నడకేనా?” అంది ఏడుపుగొంతుతో.

“అదే.”

“ఎక్కించీ. నా పెనిమిటేటనుకుంటాడో నాను సెప్పుకుంటాన్లే.”

కొత్త నడక రావడానికి రెండు నెలలు పట్టింది. హైమవతి ఆ రెండు నెలలూ సెలవు పెట్టకుండా వచ్చింది. మందు, చేతికర్ర రెండూ అలవాటవుతున్నాయి. ఈసారి పట్నాయక్ పట్టీలలో పెంచే గుణం తీసేశాడు. ఒక సాయంత్రం ఆడవాళ్ళంతా ఇళ్ళకు వెళుతుంటే ఆమె వార్డు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి ఎడమ పాదమే చూసింది. కాళ్ళు కాస్త ఎడంగా పడుతున్నాయి, చూడ్డానికి సొంపుగా లేవు. కానీ పాదాలన్నీ నేలను వదిలి చక్కగా లేస్తున్నాయి. చివరన దాలమ్మ మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, “దున్నలం ఎల్లొస్తామమ్మా!” అని చెయ్యూపింది.

హైమవతికి ఎన్నాళ్ళకో మనసు తేలికపడింది. ఈ మాట పట్నాయక్‌కు చెప్పాలని చెప్పులు తొడుక్కుని, కర్ర అక్కడే మరిచిపోయి, వరండాలో గబగబా బయలుదేరింది.

నాలుగడుగులు వేసిందో లేదో, వెనక ‘సర్ర్’మంది. మళ్ళీ ‘సర్ర్’. ఎవరికో ఇంకా తగ్గలేదు. అందరినీ అంత జాగ్రత్తగా చూసి కూడా ఎవరినో వదిలేసింది.

“ఎవరది? పాదం ఎత్తి వెయ్యమన్నానా లేదా?” అంటూ వెనక్కి తిరిగింది.

వరండా ఆ చివరిదాకా ఖాళీగా ఉంది.